పిక్క కొట్టే పీట

"విరోచనం సాఫీగా అవుతోందా?" అంది డాక్టరమ్మ.
అదేదో ఊరి పేరనుకున్నాను.
కోడలు చెవిలో ఊదింది: దొడ్డికి, అత్తా.
ఎన్నాళ్ళకోసారి అంటే
తల దించుకుని వేళ్ళు చూపించాను.
తొమ్మిది.
పదోది జీడిరసానికి కాలి
ఎప్పుడూ ముడుచుకునే ఉంటాది.

పలాసలో ముప్పయ్యొక్క ఏళ్ళు పిక్క కొట్టాను.
కిలోకింత కూలి.
లేచి వెళ్తే కిలో తగ్గిపోద్ది.
వెళ్ళినా గోడ వెనక తలుపు లేదు,
మేస్త్రీ బీడీ కాల్చుకునే చోటూ అదే.
అంతకు ముందు అమ్మ:
"ఆపుకోయే, చీకటి పడనీ."
పెళ్ళైన కొత్తలో
అత్తింట నాలుగు రోజులు నీళ్ళే ముట్టలేదు.
నోట్లో నాలుక లేని పిల్లని మెచ్చుకున్నారు.

మందులు నాకు తెలియనివా?
రాత్రిపూట కరక్కాయ పొడి.
సునాముఖి కషాయం, పేగులు పిండీసి
షెడ్డులో చెమటలు పట్టించేది.
వేళ్ళకి రాసుకునే ఆముదమే
గుక్కెడు మింగీసేదాన్ని.
ఇసబ్గోలు తిని నీళ్ళు తాగనందుకు
లోపల గోడ కట్టినట్టు బిగిసింది.
పాకంలాంటి సిరప్పు. చల్లటి వొత్తి బిళ్ళ. ఎనిమా గొట్టం.
ఒకసారి నర్సు గ్లవుజు వేసుకుని...
అది చెప్పను.
ఆ పిల్ల మొహం తిప్పుకోలేదు, అది మాత్రం చెప్తాను.
నేనే తిప్పుకున్నాను.

సిక్కోలు పెద్దాసుపత్రిలో
బిళ్ళలో పెట్టి ఇరవై నాలుగు రింగులు మింగించారు.
అయిదో రోజు ఫోటో తీసి లైటు మీద పెట్టారు.
దారంతా ఖాళీ.
రింగులన్నీ చిట్టచివర,
రైలు గేటు పడ్డ కాడ ఆటోలూ సైకిళ్ళూ
ఒకదాన్నొకటి ఒరుసుకున్నట్టు.
"నీ పేగు సోమరిది కాదమ్మా.
తలుపే తెరుచుకోవట్లేదు.
కోత వద్దు. నేర్చుకోవాలి."

యాభై మూడేళ్ళకి బడిలో పడ్డాను.
పంతులమ్మ పేరు సనపల జ్యోత్స్న,
నా చిన్నకూతురి ఈడు.
చిన్న బుడగ, సన్న తీగె,
పక్కన టీవీలో పచ్చ గీత.
"తొయ్యమ్మా."
తోసాను, పళ్ళు కొరికి,
మొండి పిక్కని పగలగొట్టినట్టు.
గీత పైకి లేచింది.
"చూసావా? తోస్తన్నాననుకుంటన్నావు.
మూస్తన్నావు."

చాలాసేపు ఆ గది పైకప్పు చూసాను.
బయట ఎవరూ పట్టుకోని తలుపుని
లోపల్నించి నేనే పట్టుకున్నానన్నమాట.
నిద్దట్లో కూడానేమో.
"వదిలీ," అంటాది జ్యోత్స్న.
ఏ కాలికి చెప్పను, ఏ చేతికి చెప్పను?
"ఊపిరి కిందకి. పొట్ట ముందుకి రానీ. దవడ సడలించు."
దవడకీ దానికీ ఏటి సంబంధం అని నవ్వొచ్చింది.
నవ్వుతుంటే గీత
గోరంత దిగింది.
మళ్ళీ లేచిపోయింది గానీ, దిగింది.

ఇంటికాడ కొత్త కమోడు.
కాళ్ళ కింద ఎత్తు పెట్టుకోమన్నారు.
అటక మీంచి నా పిక్క కొట్టే పీట దింపాను.
మధ్యలో పల్లం, నా ఒంటి బరువుకి పడింది.
ఆ పల్లంలో పాదాలు పెట్టాను.

కోడలు తలుపు తట్టింది,
పాలవాడొచ్చాడట, చిల్లర ఎక్కడుందట.
లోపల పిడికిలి టక్కున మూసుకుంది.
"ఉండవే," అన్నాను.
నా గొంతే నాకు కొత్తగా వినబడింది.
పాలవాడి సైకిలు బెల్లు ఒకసారి, రెండుసార్లు.
దవడ వదిలాను.

సిరప్పు సీసా కిటికీలో ఉంది, సగం.
సోమవారం మళ్ళీ సిక్కోలు బస్సెక్కాలి.
ఇవాళ నాలుగో రోజు.